గ్రూప్ డిస్కషన్ అనగానేమి

డిగ్రీ మూడేళ్ళలో నేను క్లాసులో అడిగిన ప్రశ్న ఒక్కటే. తొంభైల చివర్లో, హిందూపురంలో. మాది పెనుకొండ. పొద్దున ప్యాసింజరు పట్టుకుని హిందూపురం వెళ్ళి, సార్లు చెప్పింది రాసుకుని, సాయంత్రం బండికి తిరిగి వచ్చేదాన్ని. చెప్పింది అనడం కూడా ఎక్కువే, చదివి వినిపించేవారు. వాళ్ళ చేతిలో పాత నోట్సు, మా చేతిలో కొత్త నోట్సు. కామా వచ్చిన చోట కామా అనీ, పేరా మారిన చోట నెక్స్ట్ పేరా అనీ కూడా వాళ్ళే చెప్పేవారు. ఒకరోజు ఎకనామిక్స్ సారు కరువు నివారణ గురించి రాయిస్తున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

“సార్, మా పక్క బోర్లు వేసే కొద్దీ నీళ్ళు ఇంకా కిందికి పోతాండాయి కదా. బోర్లేస్తే కరువు పోతాదని ఈ పుస్తకంలో ఏంటికుండాది?”

సారు కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. “ఏమ్మా, నువ్వేమన్నా కలెక్టరమ్మవా? కూచో. రాసుకో.”

క్లాసంతా నవ్వింది. నేను కూర్చుని రాసుకున్నాను. ఇంటికొచ్చి చెబితే నాయన కూడా నన్నే తిట్టాడు. “సార్లకు ఎదురు చెప్తే ఎట్లమ్మా, నాలుగు అక్షరాలు నేర్పేటోళ్ళు” అన్నాడు. మా వైపు ప్రశ్న అడగడానికీ ఎదురు చెప్పడానికీ తేడా లేదు. చిన్న పిల్ల ఇంట్లో ఎందుకు అంటే నోటి మీద కొడతారు, బడిలో ఎందుకు అంటే చేతి మీద కొడతారు, కాలేజీకి వచ్చేసరికి కొట్టే పని కూడా ఉండదు, పిల్లలే గమ్మున కూర్చుంటారు. దాన్ని క్రమశిక్షణ అని మెచ్చుకుంటారు. పరీక్షలో ఆ బోర్ల జవాబు సారు చెప్పినట్టే రాశాను, మంచి మార్కులే వచ్చాయి.

తర్వాత నేను ఇంగ్లీషు ఎమ్మే చేసి, ధర్మవరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. రెండువేల సంవత్సరం దాటాక సంగతి ఇది. ఏటా జూన్‌లో తీసుకుంటారు, ఏప్రిల్‌లో పొమ్మంటారు, మళ్ళీ జూన్‌లో ప్రిన్సిపాల్ సారు గది ముందు నిలబడాలి. అలాంటి ఉద్యోగం. నేను చేరిన కొన్నేళ్ళకు యూనివర్సిటీ వాళ్ళు డిగ్రీకి ఒక కొత్త పేపరు పెట్టారు, కమ్యూనికేషన్ స్కిల్స్ అని. చదువు అయిపోయిన పిల్లలు ఏ ఉద్యోగానికి పోయినా పనికొచ్చేవన్నీ అందులో ఉన్నాయి. నలుగురిలో మాట్లాడటం, ఎదుటివాడు చెప్పేది వినడం, కలిసి పని చేయడం, చిక్కు వస్తే విడదీసుకోవడం. సిలబస్ కాగితం చదివి నేను నిజంగా సంబరపడ్డాను. ఇన్నాళ్ళకు వీళ్ళకు బుద్ధి వచ్చిందనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని.

కొద్ది రోజులకు మోడల్ క్వశ్చన్ పేపరు వచ్చింది. మంచి శ్రోతకు ఉండవలసిన లక్షణాలు వివరింపుము. బృందంగా పనిచేయుట వలన లాభాలేవి? గ్రూప్ డిస్కషన్ అనగానేమి, దాని లాభనష్టములను చర్చింపుము. అన్నీ రాయడమే. మాట్లాడినందుకు ఒక్క మార్కు లేదు. వినడం గురించి రెండు పేజీలు రాయాలి, వినక్కర్లేదు. పేపరు వచ్చిన వారానికే దానికి గైడు కూడా బజారులోకి వచ్చేసింది. పిల్లలు గైడు కొనుక్కుని బట్టీ పట్టారు. మూడేళ్ళూ నోరు తెరవని పిల్లలకు మాట్లాడటంలో ఫస్ట్ క్లాసు వచ్చింది. యూనివర్సిటీ వాళ్ళకు అది తప్పుగా కనిపించలేదు, మా ప్రిన్సిపాల్‌కు ఇంకా సంతోషం. నూటికి నూరు శాతం పాస్ అని గేటు దగ్గర బ్యానరు కట్టించాడు.

మమ్మల్ని కూడా వదల్లేదు. ఈ పేపరు ఎలా చెప్పాలో నేర్పుతామని లెక్చరర్లందరినీ ఒకరోజు హిందూపురం పిలిపించారు. ఒక ప్రొఫెసరు గారు వచ్చారు. క్లాసులో పిల్లల చేత మాట్లాడించాలి, టీచరు తక్కువ మాట్లాడాలి అనే విషయం మీద ఆయన పొద్దున మొదలుపెట్టి టీ దాకా, టీ తర్వాత భోజనం దాకా, భోజనం తర్వాత సాయంత్రం దాకా ఒక్కరే మాట్లాడారు. మేమందరం వంచిన తల ఎత్తకుండా రాసుకున్నాం. నేను చెయ్యెత్తితే, టైము లేదమ్మా అన్నారు. సర్టిఫికెట్ ఇచ్చి పంపించారు.

ఆ ఏడాది ఫైనలియర్‌లో ఒక అమ్మాయి ఉండేది. ఊరు తాడిమర్రి వైపు, కానీ వాళ్ళ నాయన ధర్మవరంలో పట్టుచీరల మగ్గం వేసుకుని అక్కడే ఉండిపోయాడు. గుంట మగ్గం అది. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేయాలి. ఏళ్ళ తరబడి అలా కూర్చుని ఆయన మోకాళ్ళు పోయాయి. కొడుకులు లేరు, ఉన్నది ఈ పిల్లే. డిగ్రీ అయ్యేలోగా ఉద్యోగం వస్తే సరి, లేకుంటే మగ్గంలో నువ్వే కూర్చోవాలి అని ఆయన ముందే చెప్పేశాడు. కోపంతో చెప్పిన మాట కాదు, ఆయనకు వేరే దారి లేదు. ఆ పిల్లకేమో మగ్గం అంటే ప్రాణం మీదికొచ్చేది. “ఒగసారి దాంట్లో దిగితే మళ్ళా పైకి రాము మేడమ్, మా నాయనను చూసినా కదా” అని ఒకసారి నాతో అంది. క్లాసులో మాత్రం దాని గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. హాజరు పిలిస్తే ప్రెజెంట్ మేడమ్ అనేది, అంతే.

డిసెంబరులో బెంగుళూరు కంపెనీ ఒకటి హిందూపురంలో ఒక కాలేజీకి వచ్చింది, చుట్టుపక్కల కాలేజీల పిల్లల్లోంచి ఉద్యోగాలకు ఎంచుకోవడానికి. మా కాలేజీ నుంచి ఎనిమిది మందిని పంపారు. ఆడపిల్లలు ఉన్నారు కాబట్టి తోడుగా నన్ను పంపారు. ఆ పిల్ల నీలం రంగు చుడీదారు ఇస్త్రీ చేయించుకుని వచ్చింది. దారి పొడవునా గైడు తెరిచి పెదవులు కదుపుతూ చదువుకుంటూనే ఉంది.

అక్కడ ఒక గదిలో మా పిల్లలందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. నన్ను వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు. కంపెనీ అబ్బాయి చిన్నవాడే, టై కట్టుకున్నాడు, తెలుగువాడే. గ్రూప్ డిస్కషన్ మొదలుపెట్టండి, టాపిక్ మీ ఇష్టం, మీరే ఎంచుకోండి అన్నాడు. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు.

ఎవరూ కదల్లేదు. టాపిక్ మీరే ఎంచుకోండి అని పుట్టి బుద్ధెరిగాక వాళ్ళకు ఎవరైనా చెప్పి ఉంటే కదా. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి మొదటి కుర్చీలో ఉన్న మా క్లాస్ ఫస్ట్ కుర్రవాడు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, గైడులో ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. గ్రూప్ డిస్కషన్ అనగా కొంతమంది వ్యక్తులు ఒక అంశముపై... నిర్వచనం చెప్పి కూర్చున్నాడు. రెండో పిల్లవాడు లేచి గ్రూప్ డిస్కషన్ లక్షణాలు చెప్పాడు. మూడో అమ్మాయి రకాలు చెప్పింది. నాలుగో వాడు లాభాలు సగం, ఐదో వాడు మిగతా సగం, ఆరో వాడు నష్టాలు, ఏడో అమ్మాయి ముగింపు. ఒక్క మాట తప్పులేదు, ఒకరి మాటకు ఒకరు అడ్డం రాలేదు. రిలే పరుగులో కర్ర అందించినట్టు అందించుకున్నారు. ఎనిమిదో కుర్చీ మన మగ్గం పిల్లది. లేచి నిలబడింది. పెదవులు కదిలాయి. థాంక్యూ అని కూర్చుంది.

టై కట్టుకున్న అబ్బాయి నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి పెన్ను పడేసుకుని వంగాడు. నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కాసేపటికి ఆలోచిస్తే వాడి తప్పేమీ లేదు. అసలు పగలగొట్టాల్సిన చెంపలు వేరే చోట ఉన్నాయి. ఒక్కరినీ తీసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో ప్యాసింజరు కిటకిటలాడుతోంది. చిలమత్తూరు వైపు నుంచి వచ్చినట్టున్న ఒక పెద్దాయన చెనక్కాయల మూటలు సీటు మీద పరిచి, ఆ మూటల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మా మగపిల్లలు అడగడానికి జంకి నిలబడ్డారు. మగ్గం పిల్ల ముందుకెళ్ళింది.

“ఏమప్పా, చెనిక్కాయలకు గూడా టికెట్టు తీసినావా?”

“తీయలేదమ్మా.” ఆయన నవ్వాడు.

“మేము తీసినాము. మూటలు కిందికి దించుకుందాము, నేనూ ఒగ పక్క పట్టుకుంటా. దిగేటప్పుడు మావోళ్ళు నీకు దించిచ్చి పోతారు. యాడ దిగతావు?”

“పెనుకొండ.”

“పెనుకొండకు మేము దించుతాము. సరేనా?”

రెండు నిమిషాల్లో అందరికీ చోటు దొరికింది. ఆ పెద్దాయన పిల్లలకు పిడికెడు చెనక్కాయలు కూడా ఇచ్చాడు. ఎదుటివాడికి కోపం తెప్పించకుండా, తన పని చేయించుకుని, వాడికీ లాభం చూపించి, తనవాళ్ళను పనికి ఒప్పించింది. యూనివర్సిటీ సిలబస్‌లో ఉన్న యూనిట్లన్నీ మూటల మధ్య నిలబడి చేసి చూపించింది. నాకు సంతోషం కంటే మంటే ఎక్కువ కలిగింది.

“ఈ నోరు ఆడ ఏమైందే?” అన్నాను.

“ఆడ సార్లు ఉండారు కదా మేడమ్.”

“ఉంటే?”

“సార్లు అడిగిందానికే జవాబు చెప్పాల కదా. నా వరకు వచ్చేసరికి జవాబు అయిపోయింది.” కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. “ఇంగ మగ్గమే మేడమ్ నాకు” అంది. పెనుకొండ రాగానే లేచి, మూటలు దించడానికి మగపిల్లల్ని పిలిచింది.

మర్నాడు ప్రిన్సిపాల్ సారు దగ్గరికి వెళ్ళాను. జరిగింది చెప్పి, నా పీరియడ్‌లో పిల్లల చేత మాట్లాడిస్తాను, రాయించను అన్నాను. ఆయన గైడు పేజీలు తిప్పుతూ అడిగిన మొదటి ప్రశ్న, యూనిట్లన్నీ అయిపోయాయా అని. అయ్యాయన్నాను. అయితే రివిజన్ చేయించు అన్నాడు. మన పిల్లలకు అంత తెలివి ఎక్కడిది మేడమ్, పల్లెటూరి పిల్లలు, పాస్ చేయించి పంపడమే గొప్ప అన్నాడు. నేను వినలేదు. మా క్లాసులో బెంచీలు గుండ్రంగా వేయించాను. మీరు నన్ను ఏదో ఒక ప్రశ్న అడగాలి, అదే ఈరోజు పాఠం అన్నాను. పీరియడ్ సగం దాకా ఒక్కరూ అడగలేదు, ఫ్యాను చప్పుడు వింటూ కూర్చున్నాం. ఆఖరుకు మగ్గం పిల్లే చెయ్యెత్తింది.

“మేడమ్, ఇన్నేండ్లుగా చేస్తాండారు కదా. మిమ్మల్ని పర్మినెంటు ఏంటికి చేయలా?”

క్లాసు బిగుసుకుపోయింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. “నేనూ అడగలేదు కాబట్టి” అన్నాను. అప్పుడు నవ్వారు పిల్లలు. అక్కడి నుంచి ఇక ఆగలేదు. పవర్‌లూమ్‌లు రావడం మంచిదా చెడ్డదా, ఆడపిల్లలు బెంగుళూరులో ఒంటరిగా ఉండొచ్చా, కుళాయి నీళ్ళు మా వీధికే ఎందుకు రావు, అన్నీ. ముందు తెలుగులో అరుచుకునేవారు, తర్వాత అదే గొడవ వచ్చీరాని ఇంగ్లీషులో. ఆ క్లాసుకు పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చేవారు.

నెల తిరక్కుండానే గొడవ వచ్చింది. పక్క గదిలో కామర్స్ సారుకు మా అరుపులు ఎప్పుడూ ఇబ్బందే. ఒకరోజు ఆయన క్లాసులో మా క్లాస్ ఫస్ట్ కుర్రవాడు లేచి, ఈ లెక్క ఇట్లా ఎందుకు చేయాలి సార్, ఇంకో రకంగా చేస్తే రాదా అని అడిగాడు. సారు వాణ్ణి బయటికి పంపి, నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాడు. నన్నూ పిలిపించారు.

“పిల్లోళ్ళకు మీరేం నేర్పిస్తాండారు మేడమ్? మొన్నటిదాకా గమ్మునుండేటోడు నా మొకాన ఎదురు చెప్పినాడు” అన్నాడు కామర్స్ సారు.

“ఎదురు చెప్పలేదు సార్. అడిగినాడు” అన్నాను.

“రెండూ ఒగటే.”

ప్రిన్సిపాల్ ఇద్దరినీ ఊరడిస్తున్నట్టు చేతులు ఊపి, చివరికి నా వైపు తిరిగాడు. గుండ్రంగా బెంచీలు వేయడం ఇక వద్దన్నాడు. ఏప్రిల్ ఎంతో దూరం లేదు కదా మేడమ్ అని కూడా అన్నాడు, నవ్వుతూనే. ఉద్యోగం పోతుందని బెదిరించడానికి అంత మర్యాదైన మాట నేను ఇంతవరకూ వినలేదు.

బెంచీలు మళ్ళీ వరసల్లోకి వెళ్ళాయి. ఆదివారాలు నేను అద్దెకున్న ఇంటి మిద్దె మీదికి పిల్లల్ని రమ్మన్నాను. ఇంటి ఓనరమ్మ మొదట్లో విసుక్కుని, తర్వాత తానే వచ్చి ఒక మూల కూర్చుని పిల్లలతో వాదించేది. ఒక కాలేజీలో, జీతమిచ్చి పెట్టుకున్న లెక్చరరు, యూనివర్సిటీ పెట్టిన సిలబస్‌లో ఉన్న పాఠాన్ని, దొంగసారా కాచినట్టు కాలేజీకి తెలియకుండా చెప్పాల్సి వచ్చింది. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు.

మార్చిలో ఇంకో కంపెనీ పెనుకొండకు వచ్చింది. సెల్‌ఫోన్ కంపెనీకి బెంగుళూరులో కాల్ సెంటరు. తెలుగువాళ్ళు ఫోను చేస్తే తెలుగులో జవాబు చెప్పాలి, పైవాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడాలి. ఆ పిల్ల వాళ్ళ నాయన అప్పటికే మగ్గం గుంట శుభ్రం చేయించి, కూతురి ఎత్తుకు సరిపోయేలా పీట మార్పించాడు. ఈసారి రాకుంటే పరీక్షలైన మర్నాడే కూర్చోవాలి. ఇంటర్వ్యూ గదిలోకి నన్ను రానివ్వలేదు. బయట వరండాలో గోరు కొరుక్కుంటూ కూర్చున్నాను. లోపల జరిగింది తర్వాత ఆ పిల్లే చెప్పింది.

ఒకావిడ కోపంగా ఉన్న కస్టమరులా నటిస్తూ, నా డబ్బులు కోసేశారు, మీరంతా దొంగలు అని తిట్టిందట. ఈ పిల్ల కంగారు పడలేదట. “ముందర ఏమైందో చెప్పక్కా, నేను వింటాండా. మనం మాట్లాడుకునేది మీ డబ్బుల గురించే కదా” అందట. చివర్లో ఆవిడ, మీరేమైనా అడగాలా అంది.

“అడిగినావా?” అన్నాను.

“అడిగినా మేడమ్. రాత్రి డ్యూటీ అయినాక ఆడపిల్లల్ని రూము కాడికి ఎవురు దింపుతారని అడిగినా. ఫోన్లో బూతులు తిడితే పెట్టేయొచ్చా, లేకుంటే వింటానే ఉండాల్నా అని అడిగినా. ఆమె పెన్ను కింద పెట్టి, ఈ మాట ఈడ ఎవురూ అడగలేదు అనింది.”

ఉద్యోగం వచ్చింది. మిద్దె మీదికి వచ్చిన ఇంకో ఇద్దరికీ వచ్చింది. కబురు తెలిసిన సాయంత్రం వాళ్ళ నాయన కుంటుకుంటూ మా ఇంటికొచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. “గుంట పూడ్చేస్తా మేడమ్మా” అన్నాడు. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

వారం తిరిగేలోగా కాలేజీలో అభినందన సభ. విద్యార్థుల నైపుణ్యాభివృద్ధిలో మా కాలేజీ కృషి అని పెద్ద బ్యానరు. అందులో ప్రిన్సిపాల్ ఫొటో, పక్కన యూనివర్సిటీ నుంచి పిలిచిన పెద్దమనిషి ఫొటో. వేదిక మీద కామర్స్ సారు కూర్చున్నాడు. నాకు రెండో వరసలో కుర్చీ. ఒకరి తర్వాత ఒకరు కొత్త పేపరు గొప్పతనం గురించి మాట్లాడారు. పిల్లలు ధైర్యంగా మాట్లాడటం నేర్చుకున్నారు, చూడండి అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్లను మైకు దగ్గరికి పిలిచారు. కామర్స్ సారు లేచి, మడతపెట్టిన కాగితం ఒకటి దాని చేతిలో పెట్టాడు. ఆయనే రాసిన ఉపన్యాసం.

ఆ పిల్ల కాగితం విప్పింది. తల వంచి, చేతులు దగ్గరగా పెట్టుకుని, అక్షరం పొల్లుపోకుండా చదివింది. ఈ స్థాయికి రావడానికి కారణమైన ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక బృందానికి, యూనివర్సిటీ అధికారులకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు అని చదివి, కాగితం మళ్ళీ మడతపెట్టి, సారుకు తిరిగిచ్చేసి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. దాని గొంతులో రైల్లో విన్న గొంతు లేదు, మిద్దె మీద విన్న గొంతు లేదు. హాజరు పిలిస్తే ప్రెజెంట్ మేడమ్ అన్న గొంతే అది.

సభ అయ్యాక గేటు దగ్గర పట్టుకున్నాను. కోపం ఆపుకోలేకపోయాను.

“నీ మాటలు నువ్వు మాట్లాడొచ్చు కదే. ఆ కాగితం ఏంటికి చదివినావు?”

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. ఇంత చిన్న విషయం మేడమ్‌కు తెలియదా అన్నట్టు.

“ఇది కాలేజీ కదా మేడమ్. ఈడ ఇట్లే చదవాల. బెంగుళూరు పోయినాక మాట్లాడతా.”

చెప్పేసి, బయట ఎదురుచూస్తున్న నాయన దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.